కామాటిపుర: పేట పుట్టుక, పేరు చరిత్ర

ముంబయి మహానగరంలోని వీధులకు, పేటలకు ఉన్న పేర్లలో అధికభాగం గవర్నర్లవి, సేనానులవి, సేఠ్‌లవి, దేవతలవి. నగరాన్ని తమ చేతులతో కట్టిన కూలీల పేరు మీద వెలసిన పేటలు బహు కొద్ది. అట్టివానిలో కామాటిపుర ఒకటి. ఆ కూలీలలో అత్యధికులు తెలుగువారు. అయినప్పటికీ తమ చిరునామా చెప్పవలసి వచ్చినప్పుడు "నాగ్‌పాడా" అనో, "బొంబాయి సెంట్రల్ దగ్గర" అనో చెప్పి ఊరుకున్న కుటుంబాలు ఆ పేటలో ఎన్నో ఉన్నాయి. శ్రమకు గుర్తుగా పుట్టిన పేరు సంకోచానికి కారణం కావడం విచారకరమైన విషయం. ఇది ఎలా జరిగినదో గ్రహించాలంటే ముందుగా ఆ నేల పుట్టుకను తెలుసుకోవాలి.

సముద్రం విడిచిన నేల

బొంబాయి ఆదిలో ఒకే భూభాగం కాదు. ఏడు దీవుల సముదాయం. పోర్చుగీసువారు తమ రాకుమారి కేథరిన్‌ను ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెస్‌కు ఇచ్చి వివాహం జరిపిన సందర్భంలో, 1661 నాటి ఒడంబడిక ప్రకారం ఈ దీవులను కట్నంగా ఇచ్చారు. 1668లో రాజు వానిని ఏడాదికి 10 పౌండ్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటికి ఈ దీవుల నడుమ ఆటుపోట్లకు మునిగి తేలే బురదనేలలే ఉండేవి. వర్లీకి, బొంబాయి దీవికి మధ్య మహాలక్ష్మి వద్ద ఒక పెద్ద గండి ఉండేది. పోటు సమయంలో ఆ గండి గుండా సముద్రం లోనికి చొరబడి, నేటి తాడ్‌దేవ్, బైకల్లా, కామాటిపుర ప్రాంతాలన్నిటినీ ముంచెత్తేది. ఆంగ్లేయుల పటాలలో ఈ పల్లపు భూములకు "ఫ్లాట్స్" అని పేరు.

విలియం హార్న్‌బీ గవర్నరుగా ఉన్న కాలంలో ఈ గండికి అడ్డంగా రాతికట్ట వేశారు. 1784 నాటికి పూర్తి అయినదని చెప్పే ఈ కట్టకే "హార్న్‌బీ వెల్లార్డ్" అని పేరు. కట్ట ఎన్నిసార్లు వేసినా కూలిపోతూ ఉండగా, రామ్‌జీ శివ్‌జీ అనే ప్రభు కులస్థునికి మహాలక్ష్మి కలలో కనిపించి, నీటిలో ఉన్న తన విగ్రహాలను వెలికి తీసి గుడి కట్టిస్తే కట్ట నిలుస్తుందని చెప్పినట్లు ఒక ఐతిహ్యం ఉన్నది. ఐతిహ్యం మాట ఎలా ఉన్నా, కట్ట నిలిచింది. సముద్రం వెనుకకు తగ్గింది. వందలాది ఎకరాల బురద క్రమంగా గట్టిపడింది. ఆ గుంటలను పూడ్చి, మట్టి వేసి, బాటలు పరచి, మనుషులు నివసించదగిన నేలగా మార్చే పని అటు తరువాత అనేక సంవత్సరాలు సాగింది.

ఆ నేలకు ఎల్లలు గీసినవి బాటలే. ఉత్తరాన బెలాసిస్ రోడ్డు 1793లో వేసినది. ఆ ఏటి కరవుకు సూరత్ నుంచి తరలివచ్చిన నిరుపేదలకు పని కల్పించడానికి, చందాల సొమ్ముతో, సేనాని బెలాసిస్ ఆధ్వర్యంలో దానిని నిర్మించారు. తూర్పున ఉన్న డంకన్ రోడ్డుకు 1795 నుంచి 1811 వరకు గవర్నరుగా ఉన్న జొనాథన్ డంకన్ పేరు పెట్టారు. దక్షిణాన ఉన్న గ్రాంట్ రోడ్డుకు 1835-38 నడుమ గవర్నరైన రాబర్ట్ గ్రాంట్ పేరు పెట్టారు. పడమటి దిక్కున ఉన్నది ఫోరస్ రోడ్డు. సముద్రం నుంచి తేలిన నేలను సాగులోకి తెచ్చినవారికి స్వల్ప శిస్తుపై ఇచ్చే భూములను "ఫోరస్" భూములు అనేవారు. "బయట" అనే అర్థం గల పోర్చుగీసు మాట నుంచి ఆ పేరు పుట్టిందని చెబుతారు. ఊరికి బయటి భూమి అన్నమాట. నేడు ఈ నాలుగు బాటలకూ జహంగీర్ బొమన్ బెహరామ్, మౌలానా ఆజాద్, మౌలానా షౌకత్ అలీ, ఆర్.ఎస్. నిమ్‌కర్ పేర్లు ఉన్నాయి. జనం నోట మాత్రం పాత పేర్లే నిలిచి ఉన్నాయి.

1803 ఫిబ్రవరిలో కోటలో జరిగిన ఘోర అగ్నిప్రమాదం తరువాత దేశీయుల నివాసాలు కోట వెలుపల ఉత్తరంగా విస్తరించాయి. ఆ విస్తరణకు చివరి అంచు ఈ పల్లపు భూములే. ఒకవైపు వర్తకుల పాత పట్టణం, మరొకవైపు ముందుముందు మిల్లులు లేవబోయే ఖాళీ భూములు, నడుమ ఈ పేట. ఈ విధంగా కామాటిపుర పుట్టుకతోనే సరిహద్దు పేట. అద్దెలు తక్కువైనవి, నీరు నిలిచేది, పెద్దలు కోరుకోనిది అయిన నేల కావడం వల్లనే అది కూలీలకు దక్కింది.

కామాటి అనగా ఎవరు?

తెలుగులో "కామాటి" అనగా పార పట్టి మట్టిపని చేసేవాడు. బాటలు చదును చేసేవారిని, గుంటలు తవ్వేవారిని ఆ మాటతో పిలిచేవారు. మరాఠీ, హిందీ భాషలలోని "కామ్" అనే పదంతో ఈ మాటను ముడిపెట్టి చెప్పేవారూ ఉన్నారు. ఏది ఏమైనా అది కులనామం కాదు. మున్నూరుకాపు, పద్మశాలి, గొల్ల, మాల, మాదిగ మొదలైన అనేక కులాలవారు బొంబాయిలో అడుగుపెట్టగానే ఇతరుల దృష్టిలో ఒకే ముద్దగా "కామాటీలు" అయిపోయారు. స్వగ్రామంలో ఎవరి వాడ వారిదిగా బతికినవారికి, ఊరుగాని ఊరిలో చేసే పనే ఉమ్మడి పేరును తెచ్చిపెట్టింది.

తెలుగువారి వలసల చరిత్రలో ఇటువంటి ఉదాహరణ మరొకటి ఉన్నది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ చేరిన తెలుగు కూలీలను బర్మాలో కోరంగీలు అని పిలిచారు. అక్కడ బయలుదేరిన రేవు పేరు అయింది. ఇక్కడ చేసిన పని పేరు అయింది. రెండుచోట్లా ఆ పేరు పెట్టినవారు ఇతరులే. రెండుచోట్లా అది క్రమంగా చిన్నచూపు మాటగా దిగజారింది.

వీరిలో హెచ్చుమంది నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాలకు చెందినవారు. వర్షాధారమైన నేల, వెట్టిచాకిరి, దేశ్‌ముఖుల పెత్తనం, తరచుగా వచ్చే కరవులు వారిని ఊరి నుంచి వెళ్లగొట్టాయి. తొలి తరాలవారు షోలాపూర్, పూనాల మీదుగా కాలిబాటన, బండ్లపైన వచ్చారు. 1863లో భోర్ కనుమ రైలుమార్గం, 1871లో రాయచూరు వరకు లైను, 1874లో వాడి నుంచి సికింద్రాబాదు లైను ఏర్పడడంతో బొంబాయి తెలంగాణకు ఒక్కసారిగా దగ్గరయింది. 1876-78 నాటి మహాక్షామం దక్కను నేలను ఎండగట్టినప్పుడు ఆ రైలు ఎందరికో ప్రాణాధారమైనది. "బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అని తెలంగాణ పల్లెలలో వినవచ్చే నానుడిలో బొంబాయి మొదటి స్థానంలో ఉండడం యాదృచ్ఛికం కాదు. మిగిలిన రెండింటికంటే ఆ దారి పాతది.

నగర నిర్మాణంలో తెలుగు చేయి

అమెరికాలో 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఇంగ్లండుకు చేరలేదు. ఆ లోటును భారతదేశపు పత్తి తీర్చింది. బొంబాయిలో డబ్బు వరదలా ప్రవహించింది. గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కాలంలో పాత కోటగోడలు కూల్చివేశారు. వాని స్థానంలో విశాలమైన బాటలు, రాతి భవనాలు లేచాయి. హైకోర్టు, విశ్వవిద్యాలయపు రాజాబాయి గోపురం 1878 నాటికి పూర్తి అయ్యాయి. విక్టోరియా టెర్మినస్ నిర్మాణం 1878లో మొదలై 1888లో ముగిసింది. ఈ కట్టడాల గోడలపై శిల్పుల పేర్లు, ఇంజనీర్ల పేర్లు ఉన్నవి. రాళ్లు మోసినవారి పేర్లు ఎక్కడా లేవు. ఆనాటి నగరంలో కట్టుబడి పనులకు, బాటల పనులకు పేరుపడిన శ్రామిక వర్గాలలో కామాటీలు ముఖ్యులు. నెత్తిన తట్ట పెట్టుకొని మెట్లెక్కిన తెలుగు స్త్రీలు ఆ పనిలో పురుషులతో సమంగా పాల్గొన్నారు.

కూలీల నుంచి మేస్త్రీలు, మేస్త్రీల నుంచి కాంట్రాక్టర్లు ఎదిగివచ్చారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధానికి బొంబాయి తెలుగువారిలో సంపన్నులైన గుత్తేదారులు తయారయ్యారు. వెంకు బాలాజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు వారిలో ప్రసిద్ధులు. వీరి కీర్తి ధనం వల్ల మాత్రమే వచ్చినది కాదు.

1873 సెప్టెంబరు 24న మహాత్మా జోతిబా ఫూలే పూనాలో సత్యశోధక సమాజాన్ని స్థాపించాడు. ఫూలే స్వయంగా కాంట్రాక్టు పనులు చేసినవాడు కావడం వల్ల ఆ వృత్తిలోని తెలుగువారితో ఆయనకు స్నేహం కుదిరింది. పురోహితుని ప్రమేయం లేని వివాహం, శూద్రాతిశూద్రులకు విద్య, మనిషికి మనిషికి నడుమ సమానత్వం అనే ఆ సమాజ ఆశయాలకు బొంబాయిలో తొలినాళ్లలో అండగా నిలిచినవారిలో ఈ తెలుగు గుత్తేదారులు ముందువరుసలో ఉన్నారు. బొంబాయి మిల్లు కార్మికుల తొలి నాయకుడుగా పేరొందిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1880లో "దీనబంధు" పత్రికను చేపట్టి బొంబాయి నుంచి నడిపినదీ ఈ వాతావరణంలోనే. 1888 మే 11న బొంబాయి మాండ్వీలోని కోలీవాడలో జరిగిన సభలో ప్రజలు ఫూలేను "మహాత్మ" బిరుదుతో సత్కరించారు. మహారాష్ట్ర సంస్కరణోద్యమ చరిత్రలో తెలుగువారికి ఇంతటి స్థానం ఉన్నదన్న సంగతి ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో బహుకొద్దిమందికే తెలుసు.

అపకీర్తి నీడ

అదే కాలంలో పేటపై మరొక నీడ పడింది. రేవుపట్టణమైన బొంబాయికి నావికులు, సైనికులు వేల సంఖ్యలో వచ్చేవారు. 1868 నాటి సాంక్రామిక వ్యాధుల చట్టం 1870లో బొంబాయిలో అమలుకు వచ్చింది. అభాగ్య స్త్రీలను నమోదు చేయించి వైద్యపరీక్షలకు గురిచేయడం దాని లక్ష్యం. ప్రభుత్వ దృష్టి స్త్రీల క్షేమం మీద కంటే సైనికుల ఆరోగ్యం మీదనే ఉన్నది. గౌరవనీయుల నివాసాలకు దూరంగా ఉండాలనే నెపంతో పోలీసులు ఈ వృత్తిని కొన్ని వీధులకు నెట్టుతూ వచ్చారు. అలా నెట్టిన వీధులు కామాటిపుర పరిసరాలలోనివే. పక్కనున్న సుక్లాజీ వీధి ఐరోపా స్త్రీలు ఉండడం వల్ల "సఫేద్ గల్లీ" అనే పేరు తెచ్చుకున్నది.

ఇందులో గమనింపదగినది ఒకటి ఉన్నది. ఈ వృత్తిని అక్కడికి తెచ్చినవారు కామాటీలు కారు. పేద కూలీల పేట కాబట్టి, అభ్యంతరం చెప్పగల పలుకుబడి వారికి లేదు కాబట్టి, నగరం తనకు అక్కరలేనిదానిని వారి గుమ్మం ముందు దించింది. పేటలోని వీధులకు ఒకటవ గల్లీ, రెండవ గల్లీ అని సంఖ్యలే పేర్లు. వానిలో కొన్ని మాత్రమే ఆ వృత్తికి నెలవులు కాగా, మిగిలినవి ఎల్లప్పుడూ సంసారుల ఇళ్లు, చిన్న కార్ఖానాలు, గుళ్లు, బడులు ఉన్న వీధులే. అయితే చలనచిత్రాలు, నవలలు, వార్తలు ఆ కొన్ని గల్లీలనే పేట మొత్తంగా చూపాయి. సమీపంలోని గోల్‌పీఠా పరిసరాలలో పెరిగిన మరాఠీ కవి నామ్‌దేవ్ ఢసాళ్ 1972లో "గోల్‌పీఠా" అనే కవితాసంపుటిని వెలువరించి, అక్కడి బతుకును లోపలివాని కంఠంతో వినిపించాడు. బయటివారి చూపు మాత్రం అంతగా మారలేదు. 2022లో విడుదలైన "గంగూబాయి కాఠియావాడీ" హిందీ చిత్రం విషయంలో ఇక్కడి నివాసులు కొందరు తమ పేట పేరుకు భంగం కలుగుతున్నదని అభ్యంతరం తెలిపారు. వ్యవహారం బొంబాయి హైకోర్టు వరకు వెళ్లింది. చిత్రం విడుదలైనది. అయితే ఆ అభ్యంతరం వెనుక ఉన్న బాధ ఒక చిత్రానికి సంబంధించినది కాదు, నూరేళ్లకు పైబడినది. ఆ వృత్తిలో చిక్కుకున్న స్త్రీలను హీనంగా చూడడం వల్ల ఆ బాధ తీరదు. వారు కూడా పేదరికం చేత తరిమివేయబడి వచ్చినవారే.

మిల్లులు, చాళ్లు

1854లో కావస్‌జీ దావర్ స్థాపించిన తొలి నూలుమిల్లు కామాటిపురకు సమీపంలోని తాడ్‌దేవ్‌లోనే వెలసింది. అటు తరువాత మిల్లులు ఉత్తరంగా పరేల్, వర్లీ, ప్రభాదేవి వరకు విస్తరించాయి. దానితోపాటే తెలుగువారి నివాసాలు కూడా విస్తరించాయి. మగ్గం పని ఎరిగిన తెలంగాణ పద్మశాలీలకు మిల్లు కొత్తది కాని, నూలు కొత్తది కాదు. సొంత మగ్గం చేయి జారినవారు మిల్లు మగ్గం ముందు నిలబడ్డారు.

1896లో బొంబాయిని పట్టుకున్న ప్లేగు మహమ్మారి కూలీల ఇరుకు నివాసాలను ప్రభుత్వం గమనించక తప్పని స్థితి కల్పించింది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధానంతరం, 1920 దశకం పూర్వార్ధంలో బొంబాయి అభివృద్ధి శాఖ వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీ ప్రాంతాలలో 207 చాళ్లను కట్టించింది. వానిలో 121 వర్లీలోనివే. నేలపై మూడంతస్తులు, అంతస్తుకు 20 గదులు, ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. వర్లీలోని ఈ బి.డి.డి. చాళ్లు తెలుగువారికి మరొక ముఖ్య స్థావరమైనవి.

చాల్ అనగా వసారా పొడుగునా బారుగా ఉన్న గదుల కట్టడం. గదిలో ఒక మూల మోరీ, మరొక మూల పొయ్యి, నెత్తిపైన సామాన్లకు అటక. పిల్లల చదువు వసారాలో; మగవారి నిద్ర వేసవిలో మిద్దెపైన. ఒంటరిగా వచ్చిన మిల్లు కార్మికులకు అన్నం వండిపెట్టే ఖానావళులు నడిపి సంసారాలు నిలబెట్టిన స్త్రీలు ఉన్నారు. కామాటిపుర గదులలో బీడీలు చుట్టి బిడ్డలను చదివించిన తల్లులు ఉన్నారు. మిల్లు కూత పురుషుని పగలును లెక్కించినట్లే, చుట్టిన బీడీల కట్ట స్త్రీ పగలును లెక్కించింది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మెలో సుమారు 2 లక్షల 50 వేలమంది కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మెకు లాంఛనంగా ముగింపు లేదు. అనేక మిల్లులు తిరిగి తెరుచుకోలేదు. తెలుగు కుటుంబాలలో కొన్ని ఊరికి తిరిగిపోయాయి. కొన్ని భివండీ మరమగ్గాల వైపు మళ్లాయి. మిగిలినవి చిన్న ఉద్యోగాలతో, చిల్లర వ్యాపారాలతో నగరాన్నే పట్టుకొని నిలిచాయి.

భాష నిలిచిన చోటు

పరభాషా ప్రాంతంలో నాలుగైదు తరాలు గడిచినా ఈ ఇళ్లలో తెలుగు నిలిచింది. అది మరాఠీ, హిందీ మాటలు కలిసిన తెలంగాణ తెలుగు. గదిని ఖోలీ అంటుంది. కొళాయిని నల్లా అంటుంది. అయినా తల్లిని అవ్వా అనే పిలుస్తుంది. ఆశ్వయుజంలో చాళ్ల ముంగిట బతుకమ్మ పేరుస్తారు. తంగేడు, గునుగు దొరకనప్పుడు దాదర్ పూలబజారులోని బంతి, చేమంతులతో సరిపెట్టుకుంటారు. పద్మశాలీలు మార్కండేయుని కొలుస్తారు. అదే ముంగిట భాద్రపదంలో మరాఠీ ఇరుగుపొరుగులతో కలిసి గణపతిని నిలుపుతారు.

ఇంటిలోని భాష పలుకుగా నిలవగలదు. అక్షరంగా నిలవాలంటే బడి కావాలి. 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టం ప్రాథమిక విద్యను నగరపాలక సంస్థ బాధ్యతలలో చేర్చింది. 1920లో నగర ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. క్రమంగా మరాఠీ, గుజరాతీ, ఉర్దూలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ మునిసిపల్ బడులు వెలిశాయి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. 1967లో ఏర్పడిన మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ "బాలభారతి" తెలుగులోనూ వాచకాలు ప్రచురించింది.

కూలి తండ్రికి, బీడీలు చుట్టే తల్లికి ఆ బడి చేసిన మేలు ఇంతింతని చెప్పలేము. ఆ తల్లిదండ్రులలో అధికులు అక్షరం రానివారు. ఇంట మాట్లాడే భాషలోనే పాఠం విన్న పిల్లవాడు బడిని చూసి భయపడలేదు. ఊరి నుంచి వచ్చిన ఉత్తరం చదివి తల్లికి వినిపించగలిగాడు. అదే బిడ్డ తరువాత మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నేర్చి కార్యాలయాలలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో చేరాడు. నేడు ఆంగ్ల మాధ్యమంపై మోజు పెరిగి, పాత పేటల నుంచి కుటుంబాలు దూరపు శివార్లకు తరలిపోయి, తెలుగు బడులలో పిల్లల సంఖ్య తగ్గుతూ వస్తున్నది. తరగతులు కుదించుకుపోతున్నవి. ఇది తల్లిదండ్రుల దోషమని తేల్చివేయడం తగదు. బిడ్డ భవిష్యత్తును గురించిన భయం వారిది. అయితే బడి మూతపడిన పేటలో మరొక తరం గడిచేసరికి తాతగారి ఉత్తరాలు చదవగలవారు ఉండరన్నది కూడా కాదనలేని సత్యం.

రేపటి పటం

వర్లీ బి.డి.డి. చాళ్ల స్థానంలో ఎత్తైన భవనాలు లేస్తున్నవి. 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు అందాయి. 160 చదరపు అడుగులలో తరాలు గడిపినవారికి 500 చదరపు అడుగుల ఇల్లు లభించడం సంతోషించదగిన విషయం. కామాటిపురను కూడా ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ "మ్హాడా" ద్వారా పునర్నిర్మించే పథకం రూపొందింది. శిథిలమైన గోడల నడుమ ప్రాణాలు అరచేత పెట్టుకొని బతికే కుటుంబాలకు అది అవసరమే.

కాని పాత గోడలు కూలినప్పుడు పాత పేరును కూడా తుడిచివేయాలనే కోరిక కొందరికి కలగవచ్చు. అపకీర్తి అంటిన పేరు పోతే మంచిదే కదా అనిపించవచ్చు. చరిత్ర తెలిసినవారు ఆ మాటకు తొందరపడరు. గవర్నర్ల పేర్లు మారిపోయిన బాటల నడుమ రెండు శతాబ్దాలుగా చెక్కుచెదరక నిలిచినది కూలివాని పేరు ఒక్కటే. అపకీర్తి ఆ పేరుకు పైనుంచి పూసిన మసి. శ్రమ దాని అసలు వర్ణం. సముద్రం విడిచిన బురదను నేలగా మార్చి, ఆ నేలపై నగరాన్ని నిలిపి, సమానత్వ ఉద్యమానికి తమ సంపాదనలో పాలిచ్చి, ఇరుకు గదులలో తమ భాషను కాపాడినవారి పేరు అది. తెలుగు బడిలో చదివిన ప్రతి బాలుడూ, ప్రతి బాలికా ఆ పేరును తడబడకుండా చెప్పగలగాలి, దాని అర్థాన్ని పదిమందికి వివరించగలగాలి. ఆనాడు కామాటిపుర తిరిగి కామాటీల పురం అవుతుంది.